ఒక్కరే కాగితం

గళ్ళ మాస్టారి అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఆయన కూడా పనిగట్టుకొని ఎవరికీ చెప్పలేదు. దరఖాస్తు ఫారాల్లో అక్షరానికొకటి చొప్పున వరసగా చిన్న చిన్న గళ్ళుంటాయి కదా, ఆ గళ్ళు నింపడమే ఆయన పని కాబట్టి ఆ పేరొచ్చింది. వలస కార్యాలయం గేటుకు సరిగ్గా ఎదురుగా, జిరాక్సు కొట్టు చూరు కింద ఒక మడత బల్ల, దాని వెనక ఆయన కుర్చీ, ముందు రెండు స్టూళ్ళు. పరాయి దేశం వెళ్ళి స్థిరపడాలనుకున్నవాళ్ళలో సగం మంది ఆ గేటు తొక్కే ముందు ఆ స్టూలు మీద కూర్చున్నవాళ్ళే. లోపల నడిచేది ఆఫీసు భాష. బయట మనం మాట్లాడుకునేది తెలుగు. ఈ రెంటికీ మధ్య ఇరవయ్యారేళ్ళుగా మాస్టారే దిక్కు.

అంతకుముందు ఆయన టైపు నేర్పేవారు. నలభై మిషన్లు ఒక్కసారిగా టకటకలాడే హాల్లో, ఏ వరసలో ఎవరు తప్పు కొట్టారో తలెత్తకుండానే చెప్పేవారట. కంప్యూటర్లు వచ్చాయి, ఇన్‌స్టిట్యూటు మూతపడింది, మిషన్లు తూకానికి పోయాయి. మాస్టారు మాత్రం తూకానికి పోకుండా ఈ బల్ల దగ్గర తేలారు. మనిషి మారలేదు. నల్ల సిరా, పెద్దక్షరాలు, గడి దాటకూడదు, కొట్టివేత ఉండకూడదు. ఎవరైనా తొందరపెడితే కలం మూసి పక్కన పెట్టేసేవారు.

"నా చేతి మీదుగా వెళ్ళిన కాగితం ఇంతవరకు వెనక్కి రాలేదయ్యా" అనేవారు జిరాక్సు కొట్టాయనతో, రోజుకు ఒకసారైనా.

"అవును మాస్టారూ. వెళ్ళిన మనుషులే వెనక్కి రావడం లేదు" అనేవాడు ఆయన.

ఇందులో గొప్ప లేకపోలేదు గాని, అబద్ధమైతే లేదు. మాస్టారికి ఇంకో పట్టింపు కూడా ఉండేది. రాసేవాడు కనపడకూడదు అని. ప్రతి ఫారం చివరి పేజీలో ఒక గడి ఉంటుంది: ఈ దరఖాస్తు నింపడంలో సాయపడినవారి పేరు. దాంట్లో ఆయన ఏనాడూ తన పేరు రాయలేదు. 'లేరు' అని రాసేవారు. రాస్తే ఏదో ఒక రోజు లోపలికి పిలుస్తారు, నువ్వెవరు, నీకేం అర్హత అంటారు, ఉన్న బల్ల కాస్తా ఎత్తించేస్తారు. ఆ భయంతో మొదలైంది, తర్వాత అదే అలవాటైపోయింది. వేల ఫారాల్లో ఆ చక్కటి రాత ఉంది. ఆయన మాత్రం ఎక్కడా లేరు.

ఇక ఒక్కరే కాగితం సంగతి చెప్పాలి. ఈ ఫారాలు తయారు చేసినవాళ్ళెవరో గాని, వాళ్ళందరికీ పుట్టినప్పటి నుంచీ ఒకే పేరు ఉండి ఉంటుంది. మనవాళ్ళకు అలా కుదురుతుందా? ఇంట్లో పిలిచే పేరొకటి, బడిలో రాసిన పేరొకటి, పెళ్ళయ్యాక అత్తవారు పెట్టింది ఇంకొకటి. ఒక్క మనిషికి నాలుగు కాగితాల్లో నాలుగు పేర్లుంటే, ఈ నలుగురూ ఎవరు అని ఆఫీసు అడుగుతుంది. దానికి విరుగుడుగా ఒక ప్రమాణపత్రం ఉంది. 'పై రెండు పేర్లూ ఒకే వ్యక్తివి, ఆ వ్యక్తి నేనే' అని సంతకం పెట్టి ఇవ్వాలి. మాస్టారి బల్ల దగ్గర దాన్ని ఒక్కరే కాగితం అనేవారు. జిరాక్సు కొట్టాయన కంప్యూటర్లో అది ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. పేర్లు మార్చి అచ్చు తీయడమే. రెండు పేర్లు కనపడితే చాలు, మాస్టారి నోటి నుంచి "ఒక్కరే ఒకటి తియ్యవయ్యా" అనే మాట దానంతట అదే వచ్చేసేది.

ఒక పొద్దున ఆయా వచ్చింది. పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు ఆయా. నలభై ఏళ్ళుంటాయి. చేతులు సబ్బు నీళ్ళకు నాని తెల్లబారి ఉన్నాయి. వెంట పదమూడేళ్ళ పిల్ల. సముద్రానికి అవతల ఒక దేశంలో ముసలివాళ్ళను చూసుకునే ఆశ్రమంలో ఆయాకు ఉద్యోగం దొరికింది. ఆసుపత్రి నర్సమ్మ ఒకావిడ అక్కడికి ముందే వెళ్ళి, ఈవిడ పనితనం చెప్పి పిలిపించుకుంటోంది. సొంత పిల్లలుంటే వెంట తెచ్చుకోవచ్చని ఆశ్రమం వాళ్ళు ఉత్తరంలో రాశారు. ఆ ఒక్క వాక్యం చూసే ఆయా ఒప్పుకుంది. లేకపోతే ఆ ఉత్తరాన్ని అక్కడే చింపేసి ఉండేదాన్నని ఆవిడే చెప్పింది.

"ఎవరెవరు వెళ్తున్నారమ్మా?"

"నేనూ మా అమ్మాయీనండి."

"మీ ఆయన?"

"లేరండి. పోయి పన్నెండేళ్ళయింది."

పిల్ల రోడ్డువైపు చూస్తూ, "అమ్మా, దాహమేస్తోంది. కొట్లో నీళ్ళు అడిగి తాగిరానా?" అంది. ఆయా తలూపింది.

మాస్టారికి ఒక ప్రశ్న ఉండేది. పిల్లల్ని వెంట తీసుకెళ్ళే వాళ్ళెవరినైనా తప్పకుండా అడిగేవారు. "కడుపున పుట్టిన బిడ్డేనా?" అని. మొహమాటం లేకుండా, ముసలివాళ్ళనైనా పడుచువాళ్ళనైనా, కలంతో గడిని చూపిస్తూ అడిగేవారు. ఆ రోజు అడగలేదు. తల్లి ముక్కూ నుదురూ పిల్లకు అచ్చు దించినట్టున్నాయి. నీళ్ళు తాగి వచ్చిన పిల్ల గడ్డం తడిస్తే ఆయా తన అరచేత్తో తుడిచేసింది, మాటల మధ్యలోనే, అటు చూడకుండానే. ఇలాంటి మనిషిని పట్టుకొని ఆ మాట ఎలా అడగడం అనిపించింది ఆయనకు.

"కూతురేగా?" అని మాత్రం అన్నారు, రాసుకుంటూ.

"కూతురేనండి."

ఆయాకు డ్యూటీ వేళయింది. కాగితాలన్నీ ఉన్న సంచి బల్ల మీద పెట్టి పిల్లతో పరుగెత్తింది. మధ్యాహ్నం మాస్టారు ఒక్కొక్కటీ తీసి చూశారు. పిల్ల పుట్టినప్పుడు ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితంలో తండ్రి పేరు దగ్గర గీత ఉంది. తల్లి పేరుంది. అయితే అది ఆయా పాసుపోర్టులోని పేరు కాదు. మొదటి సగం ఒకటే, రెండో సగం వేరు. ఇలాంటివి మాస్టారు నెలకు పాతిక చూస్తారు. పుట్టింటి పేరొకటి, అత్తింటి పేరొకటి అయి ఉంటుంది అనుకున్నారు. తలెత్తకుండానే, "ఒక్కరే ఒకటి తియ్యవయ్యా" అన్నారు.

మర్నాడు ఆయా రెండు డ్యూటీల మధ్య ఆయాసపడుతూ వచ్చింది. "ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతా మాస్టారూ" అంది. మాస్టారు వేలు పెట్టి చూపించినచోటల్లా, పదకొండు చోట్ల, తన పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. ఆఫీసు భాషలో ఉన్న ఆ కాగితాల్లో ఏముందో ఆవిడ అడగలేదు, ఈయన చెప్పలేదు. దేవుడి ముందు పువ్వు పెట్టినంత నమ్మకంగా పెట్టింది సంతకం. చివరి పేజీలో సాయపడినవారి గడిలో మాస్టారు 'లేరు' అని రాసి, ఫారం మడిచి కవరులో పెట్టారు.

రెండు నెలలు గడిచాయి. ఆయాకు పని అనుమతి వచ్చింది. పిల్లతో సహా వచ్చి అధికారి ముందు హాజరు కావాలని తేదీ ఇచ్చారు. అది అయిన మూడు వారాలకల్లా అక్కడ పనిలో చేరాలి, లేదంటే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆశ్రమం వాళ్ళు రాశారు. ఆయా ఆసుపత్రిలో ఉద్యోగం మానేసింది. అద్దె గదికి నెల ముందే మాట చెప్పేసింది. పిల్ల బడి నుంచి సర్టిఫికెట్ కూడా తెచ్చేసుకున్నారు. హాజరు కావలసిన రోజుకు ముందు రోజు, ఓడలో పంపాల్సిన సామాను జాబితా రాయించడానికి ఇద్దరూ మాస్టారి దగ్గరికి వచ్చారు.

కస్టమ్స్ వాళ్ళ జాబితా అంటే మాటలు కాదు. చెంచాతో సహా రాయాలి. వస్తువు ఏమిటి, ఎన్ని, ఎన్నేళ్ళుగా వాడుతున్నారు, ఎవరిది. కొత్తదైతే పన్ను. వాడినదైతే ఎవరు వాడారో చెప్పాలి. ఆయా చెబుతుంటే మాస్టారు రాస్తున్నారు. స్టీలు గిన్నెలు ఆరు. దుప్పట్లు నాలుగు. ఇస్త్రీ పెట్టె ఒకటి. పిల్ల పుస్తకాలు ఒక అట్టపెట్టె. పిల్ల జిరాక్సు కొట్టు లోపల బల్లెక్కి కూర్చొని పాత పత్రిక తిరగేస్తోంది.

"కుట్టు మిషన్ ఒకటి. చేత్తో తిప్పేది."

"ఎన్నేళ్ళ నుంచి వాడుతున్నారు?"

"నేను వాడను మాస్టారూ. నాకు కుట్టడం రాదు. మా చెల్లెలిది. దీనికి పెద్దయ్యాక ఇద్దామని దాచాను. కన్నతల్లి గుర్తుగా ఆ ఒక్కటే మిగిలింది."

మాస్టారు 'ఒకటి' అని రాసి ఆగిపోయారు.

"ఎవరి కన్నతల్లమ్మా?"

"అదేనండి, మా చెల్లెలు. ఈ పిల్లను కన్నది. దీనికి రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి పోయింది. తండ్రి మొదటి నుంచే లేడు. ఆ కబుర్లెందుకులెండి. అప్పటి నుంచి నా దగ్గరే. ఆ సంగతి దీనికీ తెలుసు."

కలం ఆయన చేతిలోనే ఉంది. సిరా ఒక చుక్క కారి 'కుట్టు మిషన్' పక్క గడిలో పడింది. మాస్టారి ఫారంలో సిరా చుక్క పడడం జిరాక్సు కొట్టాయన అదే మొదటిసారి చూశాడట.

"కూతురేనని చెప్పావు కదమ్మా."

"కూతురేగా మాస్టారూ. చెల్లెలి కూతురు నాకు కూతురు కాక ఏమవుతుంది?"

ఆవిడ అబద్ధం చెప్పలేదు. మన భాషలో ఆడదానికి చెల్లెలి కూతురు కూతురే. దానికి వేరే మాటే లేదు. పెద్దమ్మలోనూ అమ్మ ఉంది, చిన్నమ్మలోనూ అమ్మ ఉంది. ఆఫీసు భాషలో అలా కాదు. అక్కడ కన్నవాళ్ళకొక మాట, పెంచినవాళ్ళకొక మాట, వాటికి వేరువేరు గళ్ళు. ఆ తేడా ఆయాకు తెలియక్కర్లేదు. తెలియవలసింది ఆ బల్ల వెనక కూర్చున్న మనిషికి. ఇరవయ్యారేళ్ళుగా ఆయన అక్కడ కూర్చున్నదే అందుకు.

మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది ఒక్కరే కాగితం. పాసుపోర్టులో ఉన్న పేరు ఆయాది. ఆసుపత్రి కాగితంలో ఉన్న పేరు చచ్చిపోయిన చెల్లెలిది. ఆ ఇద్దరూ ఒకే మనిషని, ఆ మనిషి నేనేనని ఆయా చేత ప్రమాణం చేయించి సంతకం తీసుకున్నది తనే.

ఏం జరిగిందో విడమరిచి చెప్పారు.

"తప్పా మాస్టారూ?"

"మన లెక్కలో కాదు."

"మరి వాళ్ళ లెక్కలో?"

ఇక్కడే ఉంది అసలు సంగతి. ఆ మధ్యాహ్నం ఆయన ముందు రెండు దారులున్నాయి. ఇప్పుడే గేటు లోపలికి వెళ్ళి దరఖాస్తు వెనక్కి తీసుకోవచ్చు. కోర్టుకెళ్ళి ఆయాను సంరక్షకురాలిగా రాయించి, మళ్ళీ కొత్తగా పెట్టుకోవచ్చు. దానికి ఏడాది పడుతుంది. ఆశ్రమంలో ఉద్యోగం పోతుంది. పోనీ, ఏడాది తర్వాత ఇంకోటి దొరక్కపోదు. రెండోది, నోరు మూసుకొని ఊరుకోవడం. లోపల ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలిస్తారు. పేరు, ఊరు, ఎందుకు వెళ్తున్నారు అని మూడు ప్రశ్నలడిగి ముద్ర కొట్టేస్తారు. పిల్లల్నయితే పలకరించి వదిలేస్తారు.

మాస్టారు ఆయా మంచి కోరే రెండోది ఎంచుకున్నారని ఆ వీధిలో కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆయనంటే నాకు గౌరవమే గాని, ఆయన ఆ రోజు తన పేరు చూసుకున్నారు. కాగితం వెనక్కి రాని చేయి కదా అది. తన చేత్తో రాసిన కాగితాన్ని తనే వెనక్కి తెచ్చుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు.

"ఏం పర్లేదమ్మా. వాళ్ళు అంత లోతుకు వెళ్ళరు" అన్నారు.

ఆయా ఇంకా అనుమానంగా చూస్తుంటే, పిల్లను పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టారు. పాతకాలం మాస్టారి గొంతు తెచ్చుకొని, "రేపు లోపల మీ అమ్మ పేరేమిటని అడిగితే ఏం చెప్తావు?" అన్నారు.

పిల్ల ఆయా వైపు చూసి, ఆయా పేరు చెప్పింది.

"శభాష్" అన్నారు మాస్టారు. ఆ ఒక్క ప్రశ్నతో ఊరుకున్నారు.

మర్నాడు పదిన్నరకు తల్లీకూతుళ్ళు గేటు లోపలికి వెళ్ళారు. ఉతికిన బట్టలు, నూనె రాసి దువ్విన తలలు, కవరులో సర్దిన కాగితాలు. ఆ పూట మాస్టారు ఎవరి ఫారమూ ముట్టుకోలేదు. జిరాక్సు కొట్టాయన తెచ్చిన టీ బల్ల మీదే చల్లారిపోయింది. పదకొండైంది, పదకొండున్నరైంది. ఐదు నిమిషాల పనికి గంటన్నర పట్టింది.

వాళ్ళు బయటికి వచ్చేటప్పుడు పిల్ల ముందు నడిచింది, ఆయా వెనక. ఎప్పుడూ చేయి పట్టుకొని నడిచేవాళ్ళు, ఆ రోజు మధ్యలో నాలుగడుగుల ఎడం ఉంది. మాస్టారు లేచి నిలబడ్డారు.

లోపల జరిగింది ఇంతే. అధికారి పెద్దావిడ, మంచావిడ. ఆయాను అడగాల్సినవి అడిగేసింది. ముద్ర చేతిలోకి తీసుకుంది కూడా. పిల్ల బిక్కుబిక్కుమంటూ కూర్చుందని, కాస్త నవ్వించడానికి ఒక మాట అడిగింది. పక్కనున్న దుబాసీ దాన్ని తెలుగులో చెప్పాడు: "పాపా, మీ అమ్మ ఇంట్లో నీకు ఏమేం నేర్పింది?"

పిల్లకు ఒక్కసారిగా ఏం చెప్పాలో తోచలేదు. తప్పు చెప్పకూడదని ముందు రోజు మాస్టారు కూర్చోబెట్టి మరీ అడిగారు కదా. అందుకని సరిగ్గా చెబుదామని, మర్యాదగా తిరిగి అడిగింది.

"ఏ అమ్మండీ?"

దుబాసీ నిజాయితీపరుడు. ఆ రెండు మాటల్నీ ఉన్నదున్నట్టు ఆఫీసు భాషలోకి మార్చి చెప్పాడు. అధికారి ముద్ర కింద పెట్టి, ఫైలు మళ్ళీ మొదటి పేజీ నుంచి తిరగేసి, ఒక్కరే కాగితం దగ్గర ఆగింది.

ఆయా పని అనుమతిని ఆవిడ ముట్టుకోలేదు. అది వేరే కాగితం, వెళ్ళాలంటే వెళ్ళొచ్చు అంది. పిల్ల దరఖాస్తు మీద మాత్రం, తప్పుడు ప్రమాణం, నిరాకరించడమైనది, మూడేళ్ళ వరకు మళ్ళీ పెట్టుకోరాదు అని రాసింది. రాస్తూ ఆవిడ కూడా బాధపడిందని, క్షమించమందని ఆయా చెప్పింది. ఆ క్షమాపణ ఏం చేసుకోవాలో ఆవిడకు తెలియలేదు.

మాస్టారి మీద ఆయా ఒక్క మాట తూలలేదు. తిట్టినా బాగుండేది. "నా చదువు తక్కువైంది మాస్టారూ, చూసుకోవలసింది" అంది. నింద ఆవిడ తన నెత్తిన వేసుకుంటుంటే ఆయన వింటూ నిలబడ్డారు. పిల్ల ఏడవలేదు. జిరాక్సు కొట్టు గోడకు ఆనుకొని నిలబడి, తన చెప్పుల వైపు చూస్తూ ఉంది. అంతటికీ కారణం తను అడిగిన ఆ ప్రశ్నే అని ఆ పిల్ల అప్పటికే తీర్మానించేసుకుందని మాస్టారికి తర్వాత అర్థమైంది. ఆ క్షణంలో పిలిచి, కాదమ్మా, తప్పు నాది అని ఒక్క మాట చెప్పి ఉంటే ఎలా ఉండేదో. ఆయన చెప్పలేదు.

ఆ రోజు ఇంటికెళ్ళి ఆయన భార్యతో జరిగిందంతా చెప్పారు. ఆవిడ విని, "అయితే ఆ మాట నాతో ఎందుకు? వాళ్ళతో చెప్పండి" అంది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకొని, బల్ల వేయకుండా, గేటు లోపలికి వెళ్ళారు. ఇరవయ్యారేళ్ళలో అదే మొదలు. టోకెన్ తీసుకొని, తను ఎందరికో చెప్పి పంపిన ఆ కుర్చీల వరసలో తనూ కూర్చున్నారు. ఎండ కిటికీలోంచి వచ్చి మోకాళ్ళ మీద పడింది. అక్కణ్ణుంచి చూస్తే ఎదురుగా రోడ్డవతల తన బల్ల ఉండే చోటు ఖాళీగా కనపడుతోంది. మధ్యాహ్నం దాటాక ఆయన నంబరు వచ్చింది.

అద్దం వెనక అదే అధికారి. మాస్టారు ఆఫీసు భాషలో, ముందే మనసులో రాసుకున్న వాక్యాలు ఒక్కొక్కటే చెప్పారు. తప్పు ఆవిడది కాదు. ఆవిడకు ఈ భాష రాదు. ఆ ప్రమాణపత్రం రాసింది నేను. అందులో ఏముందో ఆవిడకు చెప్పకుండా సంతకం పెట్టించింది నేను. ఏం శిక్ష ఉంటే అది నాకు వేయండి, పిల్లను పంపండి.

ఆవిడ ఫైలు తెప్పించింది. చివరి పేజీ తీసి, అద్దానికి ఆనించి, వేలితో ఒక గడి చూపించింది. సాయపడినవారి పేరు: లేరు.

"అది నా రాతేనండి. నేనే రాశాను" అన్నారు మాస్టారు.

"మీరే రాసి ఉంటారు. నేను నమ్ముతాను" అంది ఆవిడ నెమ్మదిగా. "కానీ ఈ ఫైల్లో మీరు లేరు. మీ మాట నేను దేనికింద రాసుకోను? ఎవరూ సాయం చేయలేదని ఆవిడ సంతకం పెట్టింది. ఇప్పుడు మీరు వచ్చి చేశానంటే, ఆవిడ చెప్పిన అబద్ధాలు రెండవుతాయి."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆయన కాగితాల మనిషి, కాగితం భాష ఆయనకు తెలుసు. ఆవిడ తర్వాతి నంబరు నొక్కింది.

ఆయా వెళ్ళడానికే నిశ్చయించుకుంది. ఆ మాట విని వీధిలో ముక్కున వేలేసుకున్నవాళ్ళున్నారు, పెంచినదే గాని కన్నది కాదుగా అన్నవాళ్ళూ ఉన్నారు. అలాంటి నోళ్ళను ఏమనాలో నాకు తెలియదు. ఆవిడ వకీలును అడిగి తెలుసుకుంది. మూడేళ్ళ తర్వాత పిల్లను పిలిపించుకోవాలంటే, అక్కడ స్థిరంగా పనిచేస్తూ ఉండాలి, ఇక్కడ కోర్టు కాగితం ఉండాలి. ఇక్కడే ఉండిపోతే ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, మళ్ళీ పిలిచేవాళ్ళూ ఉండరు. పిల్ల దగ్గర ఉండాలంటే ముందు పిల్లను వదలాలి. ఆవిడ ఏడ్చిన ఏడుపంతా ఎక్కడ ఏడ్చిందో గాని, బల్ల దగ్గరికి వచ్చేసరికి కళ్ళు పొడిగానే ఉన్నాయి. పిల్లకు బాలికల హాస్టల్లో చోటు దొరికింది.

ప్రయాణానికి రెండు రోజుల ముందు ఇద్దరూ మాస్టారి దగ్గరికి వచ్చారు. హాస్టల్ ఫారం, కోర్టులో వేసే అర్జీ, కస్టమ్స్ వాళ్ళకు సవరించిన జాబితా. వేరే ఎవరి దగ్గరికైనా వెళ్ళొచ్చుగా అని ఆయనే అన్నారు. "మీకైతే సంగతంతా తెలుసు కదండీ. మళ్ళీ ఇంకొకరికి మొదటి నుంచీ చెప్పుకోలేను" అంది ఆయా.

మాస్టారు ఒక్కొక్క గడీ చదివి, తెలుగులో చెప్పి, ఆవిడ అర్థమైందన్నాకే రాశారు. అర్జీలో, పిల్లకు తల్లి: మరణించారు. అర్జీదారు: తల్లికి అక్క. కూతురు అనే మాట ఎక్కడా లేదు. చివరి పేజీలో సాయపడినవారి గడి వచ్చింది. దాంట్లో తన పూర్తి పేరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా, అన్నీ గళ్ళు దాటకుండా రాసి సంతకం పెట్టారు. జిరాక్సు కొట్టాయన తొంగి చూసి, "మీ పేరు ఇదా మాస్టారూ!" అన్నాడు. ఆయన నవ్వలేదు. ఆ పేరు ఇప్పుడు ఎవరికి ఏం పనికొస్తుంది.

సంతకాలన్నీ అయ్యాయి. ఆయా కాగితాలు సంచిలో సర్దుతోంది. రోడ్డు చివర బస్సు కనపడింది.

"పెద్దమ్మా, బస్సొచ్చింది. వెళ్దామా?" అంది పిల్ల.

మాస్టారు తలెత్తి చూశారు. ఆయా చేతులు సంచిలోనే ఆగిపోయాయి.

"లోపలికి వెళ్ళొచ్చిన రోజు నుంచీ ఇంతే మాస్టారూ" అంది ఆవిడ, పిల్లకు వినపడనంత చిన్నగా. "పదకొండేళ్ళు నోరారా అమ్మా అని పిలిచింది. ఇప్పుడు ఒక్కసారి అనమన్నా అనదు. పొరపాటున నోటి దాకా వస్తే నాలుక కరుచుకుంటోంది. ఎల్లుండి వెళ్ళిపోతున్నానే, ఒక్కసారి పిలవ్వే అని అడిగాను. వద్దు, అలవాటు పోవాలి అంటోంది."

పిల్ల వినే ఉంది. దగ్గరికి వచ్చి, బల్ల అంచు పట్టుకొని నిలబడి, మాస్టారి మొహంలోకి చూసింది. చదువులో ముందుండే పిల్లలు పలక చూపించేటప్పుడు అలా చూస్తారు.

"మూడేళ్ళయ్యాక మళ్ళీ అడుగుతారు కదండీ. అప్పుడు తప్పు చెప్పకూడదని రోజూ అంటున్నాను. పెద్దమ్మ. ఇప్పుడు సరిగ్గానే అంటున్నానా మాస్టారూ?"

ఆయన ఆయా వైపు చూడలేకపోయారు. బస్సు వచ్చి ఆగింది.

"సరిగ్గానే అన్నావమ్మా" అన్నారు.